పంటు దాటని ముక్క

మా ఆవిడ పళ్ళ బలం గురించి ఎవరైనా అడిగితే నేను ముందుగా కొబ్బరికాయ సంగతి చెబుతాను. కాపురానికి వచ్చిన కొత్తలో ఎండు కొబ్బరికాయని ఒళ్ళో పెట్టుకుని పళ్ళతో పీచు లాగి పారేసేదని, కొబ్బరి దింపు తీయడానికి వచ్చినవాళ్ళు చెట్టెక్కడం మానేసి నిలబడి చూసేవారని. వినేవాళ్ళు నోళ్ళు తెరిచాక ఒప్పుకుంటాను. కొబ్బరికాయ కాదు, చెరుకు గడ. అదీ మొత్తం గడ కాదు, నేను కత్తితో కణుపులు కొట్టి ఇచ్చిన ముక్కలు. తాటి తేగల సంగతి మాత్రం అక్షరాలా నిజం. ముదిరిపోయి నార తేలిన తేగని కూడా ఎడమ దవడన పెట్టి కటుక్కున విరిచేది. అవతలి గదిలో ఉన్న నాకు వినపడేది.

కింది దవడలో ఆ ఎడమ సగం ఇప్పుడు లేదు. దాని చోట ఒక లోహపు పట్టీ ఉంది. అది అక్కడికి రావడంలో నా చెయ్యి ఉంది. ఇది చెప్పడానికే రాయడం మొదలుపెట్టాను. కొబ్బరికాయ దగ్గర బయలుదేరడం నా పాత జబ్బు.

నేను రాజోలు చుట్టుపక్కల పల్లెల్లో ముప్ఫై నాలుగేళ్ళు ఉత్తరాలు పంచాను. ఒక్క ఉత్తరం కూడా తప్పిపోలేదని వీడ్కోలు సభలో చెప్పాను, చప్పట్లు కొట్టారు. నిజానికి రెండు తప్పిపోయాయి. ఒకటి సైకిలుతో పాటు కాలవలో పడింది. రెండోది శుభలేఖ, మేక తినేసింది. ఆ పెళ్ళికి వెళ్ళకపోవడమే మంచిదయిందని ఆ ఇంటాయన తర్వాత అన్నాడు కనక దాన్ని తప్పుగా లెక్క వేసుకోలేదు.

ఆ రోజుల్లో చావు కబుర్లు కార్డు మీద వచ్చేవి. కార్డంటే మూసి ఉండేది కాదు, ఇంటివాళ్ళకంటే ముందు చదివేది పోస్టుమానే. కబురు తెలిశాక ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, వండిన అన్నం ఎవరూ ముట్టుకోరు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. వీధిలోంచే కేకేసేవాణ్ణి, "అమ్మా, అన్నాలు తిన్నారా" అని. లేదంటే మిగతా ఊరంతా పంచి, వాళ్ళు తిని చెయ్యి కడుక్కునే వేళకి తిరిగొచ్చి కార్డు ఇచ్చేవాణ్ణి. ఆ గంటసేపు కార్డు జేబులో ఉంటే నా మొహం ఎలా ఉండేదో నాకు తెలియదు. మా ఆవిడకి తెలుసట. ఊరివాళ్ళకీ త్వరలోనే తెలిసిపోయింది. ఒకసారి ఊరికే మర్యాదకి అన్నం తిన్నారా అని అడిగితే ఒక ముసలావిడ రెండు రోజులు మెతుకు ముట్టలేదు.

ఇక అసలు సంగతి. నాలుగేళ్ళ క్రితం మా ఆవిడకి ఎడమ దవడ వెనక భాగంలో వాపు వచ్చింది. జ్ఞానదంతమనుకుని పసుపూ సున్నం పట్టు వేసింది. పదిహేను రోజులైనా తగ్గకపోతే అమలాపురం తీసుకెళ్ళాను. అక్కడి పళ్ళ డాక్టరుగారు ఎక్స్‌రే వెలుతురుకేసి పట్టుకుని చూపించారు. తెల్లటి ఎముకలో కోడిగుడ్డంత నల్లటి నీడ. ఎముకలో తిత్తి కట్టిందనీ, తెరిచి గీకి తీసేయాలనీ అన్నారు. తీశారు. తీసిన సంచిని మరమూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బీలో, ఘాటు వాసన కొట్టే మందునీళ్ళలో వేసి, పైన మా ఆవిడ పేరూ వయసూ రాసిన కాగితం అంటించి నా చేతిలో పెట్టారు.

"దీన్ని గోదారి అవతల పళ్ళ కాలేజీ ల్యాబులో ఇవ్వండి. ఈ సంచి ఏ రకమో వాళ్ళు పరీక్ష చేసి చెప్పాలి."

"చూస్తే తెలియదాండీ?"

"పైకి అన్నీ ఒకలాగే ఉంటాయండీ. కొన్ని నీటి తిత్తులు, తీసేస్తే పోయినట్టే. కొన్ని తిత్తిలా కనపడతాయి గాని లోపల గడ్డలు. గీకినా ఎముకలో అంశ మిగిలిపోయి మళ్ళీ వస్తాయి. ఏదో తెలిస్తే ఆ ప్రకారం చూసుకుంటాం. రేపే ఇచ్చెయ్యండి."

"ఆయ్, రేపు పొద్దున్నేనండి" అన్నాను.

మూడో రోజుకి బయలుదేరాను. సఖినేటిపల్లి రేవులో గోదారి దాటించే పంటు ఎక్కాను. అవతల నరసాపురంలో దిగి బస్సు పట్టుకోవాలి. డబ్బీ చొక్కా పైజేబులో ఉంది.

ఆ పంటు మీద జరిగినదాన్ని నేను చాలా రకాలుగా చెప్పగలను. మా బావమరిదికి ఒకసారి మందు మీద ఉన్నప్పుడు, వాడు ఎవరికీ చెప్పనని ఒట్టేశాక, ఇలా చెప్పాను: నడి గోదాట్లో గాలి లేచింది, తాడిచెట్టంత కెరటాలు, పంటు ఒక పక్కకి ఒరిగిపోయింది, ఒకావిడ చంకలో బిడ్డ జారిపోతుంటే నేను వంగి పట్టుకున్నాను, ఆ వంగడంలో జేబులోంచి డబ్బీ జారి నీళ్ళలో పడింది. వాడు నా చెయ్యి పట్టుకుని, "బావగారూ, బిడ్డ ముఖ్యమండీ" అన్నాడు. తెల్లారేసరికి వాడికేమీ గుర్తు లేదు.

బిడ్డ లేదు. గాలీ లేదు. ఆ వేళ గోదారి పళ్ళెంలో పోసిన నీళ్ళలా ఉంది.

పంటు సగం దూరం వెళ్ళాక అందరూ అలవాటు ప్రకారం చిల్లర తీసి గోదారికి వేసి దణ్ణం పెట్టుకుంటున్నారు. నేను జేబులో చెయ్యి పెడితే చిల్లరకి బదులు డబ్బీ తగిలింది. బయటికి తీశాను. మందునీళ్ళలో ఉడకబెట్టిన రొయ్య తోలులాంటి ముక్క. ఇది మా ఆవిడ అనుకున్నాను. ఒంట్లోంచి వచ్చినది పారే నీళ్ళలో కలవాలి గాని, ఎవరో అద్దాల కింద పెట్టి కోసి చూడటమేమిటి అని కూడా అనుకున్నాను. పిల్లల పుట్టువెంట్రుకలు నీళ్ళలోనే కదా కలుపుతాం. మూత తీశాను. కళ్ళవెంట నీళ్ళు కారాయి. ఏడ్చానని రాస్తే బాగుంటుంది గాని అది ఆ మందు ఘాటు. డబ్బీ వంచేశాను.

పక్కన నిలబడ్డ ఆయన అడిగాడు.

"ఏంటండీ అది?"

"పుట్టెంట్రుకలండీ."

"మొక్కాండీ?"

"ఆయ్."

ఆయన కూడా ఒక దణ్ణం పెట్టాడు.

పారే నీళ్ళు, పుట్టువెంట్రుకలు, ఇవన్నీ నాకు నేను చెప్పుకున్న సంగతులు. అసలుది వేరు. నేను ఉద్యోగం మానబోయే ఏడు, మా పక్క ఊళ్ళో ఒక రైతుకి ల్యాబు నుంచి రిజిస్టరు కవరు వచ్చింది. సంతకం పెట్టించుకుని ఇచ్చాను. ముందురోజు దాకా పశువులకి గడ్డి కోసుకొచ్చిన మనిషి, ఆ కవరు చించాక మంచమెక్కి మళ్ళీ దిగలేదు. కవరు ఇవ్వకపోయి ఉంటే ఇంకొన్నాళ్ళు గడ్డి కోసేవాడు కదా అని చాలాకాలం అనిపించేది. నాకు క్యాన్సరు అనే మాట ఇంట్లోకి తేవడం భయం. ముక్క చేరకపోతే కవరు రాదు. కవరు రాకపోతే మా ఆవిడ తేగలు కొరుక్కుంటూ ఉంటుంది. నా బుర్ర అంతవరకే వెళ్ళింది.

అవతలి రేవులో దిగి డబ్బీని ఇసకతో తోమి కడిగాను. పారెయ్యబుద్ధి కాలేదు. అదే పంటు మీద వెనక్కి వచ్చేశాను.

"ఇచ్చేరా?" అంది మా ఆవిడ.

"ఇచ్చేను."

కుట్లు విప్పించడానికి వెళ్ళినప్పుడు అమలాపురం డాక్టరుగారు నన్ను విడిగా పిలిచి రిపోర్టు అడిగారు. ఉత్త నీటి తిత్తేనని రాశారండీ, కాగితం ఇంటి దగ్గర ఉండిపోయింది, ఈసారి తెస్తానండీ అన్నాను. ఆయన నమ్మారు. ఇంటికొచ్చి మా ఆవిడకీ అదే చెప్పాను. ఆ పూట ఆవ పెట్టి పనసపొట్టు కూర చేసింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. ఈ ఏడు తేగల రోజుల్లో ఒక సాయంత్రం అవతలి గదిలోంచి కటుక్కున వినపడలేదు. వెళ్ళి చూస్తే తేగ చేత్తో పట్టుకుని కూర్చుంది. "పన్ను కదులుతోందండీ" అంది. బుగ్గ కింద కాస్త ఉబ్బినట్టుంది. ఎప్పటినుంచి ఉందో, నేను ఎందుకు చూడలేదో. చూడకుండా ఉండటం అప్పటికి నాకు బాగా చేతనయింది.

ఈసారి ఇద్దరం అదే పంటు మీద గోదారి దాటి కాలేజీ ఆసుపత్రికి వెళ్ళాం. నడి గోదాట్లో ఆవిడ నాణెం వేసి దణ్ణం పెట్టుకుంది. నేను అవతలి వైపు తిరిగి నిలబడ్డాను.

అక్కడి పెద్ద డాక్టరుగారు ఎక్స్‌రే చూశారు. నల్ల నీడ ఇప్పుడు గుడ్డులా లేదు. సబ్బు నురగలా బుడగలు బుడగలుగా, దవడ మధ్య నుంచి చెవి కింద దాకా ఉంది. ఎముక అంచు గుడ్డు పెంకంత పలచబడిందట.

"ఇదివరకు తీయించేరు కదా, అప్పటి రిపోర్టు ఏదండీ?"

"వరదల్లో తడిసి ముద్దయిపోయిందండీ" అన్నాను. మా వీధిలోకి వరద రాలేదని మా ఆవిడకి తెలుసు. నాకేసి చూసింది.

ఆయన దగ్గర పైచదువు చదువుతున్న ఒక డాక్టరమ్మాయి ఉంది. తిత్తులనుకుని తీసేశాక మళ్ళీ వచ్చిన దవడ గడ్డల మీదే ఆ అమ్మాయి పరిశోధన. మొదటిసారి అది ఏమిటి, ఎన్నాళ్ళకి తిరిగి వచ్చింది, అప్పుడెంత తీశారు, ఇప్పుడెంత తీయాల్సి వస్తోంది అని ఒక్కొక్కరి సంగతీ పుస్తకంలో రాసుకుంటోంది. మా ఆవిడ సంగతి వినగానే మొహం వెలిగిపోయింది.

"తాతగారూ, కాగితం పోతే పోయిందండీ. ముక్క ఇక్కడే ఇచ్చేరు కదా. మా రిజిస్టర్లో ఉంటుంది. ముక్కల్ని మైనపు దిమ్మల్లో పెట్టి దాస్తామండీ మేం. దిమ్మ దొరికితే మళ్ళీ కోసి చూడొచ్చు."

ఒంట్లోంచి తీసేసిన ముక్కల్ని దాచిపెట్టే చోటు ఒకటి ఉంటుందని నాకెలా తెలుస్తుంది.

"నెల గుర్తుందా అండీ?" అని అడిగింది.

"మామిడికాయల రోజులనుకుంటాను" అన్నాను.

"కాదమ్మా, పనసకాయల రోజులు" అంది మా ఆవిడ. "రిపోర్టు బావుందని ఆ వేళ పనసపొట్టు వండేను. నాకు బాగా గుర్తు."

ఆ తర్వాత మూడు రోజులు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుపడాలి, పడుతున్నాను కూడా. పరీక్షల కోసం మా ఆవిడని వార్డులో పెట్టారు. ఆ అమ్మాయి ఖాళీ దొరికినప్పుడల్లా ల్యాబులో పాత రిజిస్టర్లు దించి ఒక్కొక్క పేజీ వెతుకుతుంటే, నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని సాయం చేశాను. అర్థం కాని చేతిరాత చదవడంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడని చెప్పాను. ఇది గొప్ప కాదు, నిజమే. ముప్ఫై నాలుగేళ్ళు అదే పని. ఎవరెవరివో పేర్లు, వయసులు, ఊళ్ళు గడగడా చదివి వినిపించాను. లేదని తెలిసిన పేరు కోసం ఒక్కొక్క వరుస మీదా వేలు పెట్టి వెతికాను. మధ్యలో పొడుం పీల్చడానికి డబ్బీ తీసేవాణ్ణి. "పొడుం మంచిది కాదండీ తాతగారూ" అనేది ఆ అమ్మాయి, తల ఎత్తకుండానే.

ఈలోగా కొత్త ముక్క తీశారు. నేనే ఇచ్చి వస్తానన్నాను. "మీకెందుకండీ, మోకాళ్ళ నొప్పులు" అంది మా ఆవిడ. ఆ అమ్మాయి తనే పట్టుకెళ్ళింది. నేను ల్యాబు గుమ్మం దాకా వెనకే నడిచాను. ఎందుకో నాకే తెలియదు.

ఫలితం వచ్చింది. క్యాన్సరు కాదు.

అదొక గడ్డట, నోరు తిరగని ఇంగ్లీషు పేరు. పన్ను మీద పింగాణీలాంటి పొర తయారుచేసే కణాలు పని అయిపోయాక కూడా ఊరుకోకుండా పెరుగుతూ పోతాయట. ఉద్యోగం అయిపోయాక కూడా రోజూ పోస్టాఫీసుకి వెళ్ళి కూర్చునే నాలాంటివన్నమాట. ఒళ్ళంతా పాకదు, మనిషిని చంపేయదు, ఉన్నచోటే ఎముకని తినేస్తుంది. చుట్టూ కాస్త మంచి ఎముకతో సహా కోసి తీసేయాలి, వేరే దారి లేదన్నారు.

వరండాలో ఆ అమ్మాయిని ఆపి అడిగాను.

"అమ్మా, మొదటిసారే ఇదని తెలిసుంటే?"

"అప్పుడూ ఇదే అయ్యుంటే, కొంచెం ఎముకతో పాటు అప్పుడే తీసేవారేమోనండీ. లేదంటే ఏడాదికోసారి ఎక్స్‌రే తీస్తూ ఉండేవారు. మిరియపు గింజంత ఉండగానే దొరికేది."

"దవడ ఉండేదా?"

"ఉండేదేమోనండీ."

"ఏమో అంటే?"

"ఏమో అంటే ఏమోనేనండీ. అది తేల్చడానికే కదా ఆ మొదటి ముక్క కోసం వెతుకుతున్నాను."

ఏ మాటకి భయపడి నేను ఆ పని చేశానో ఆ మాట అసలు లేనే లేదు. లేని మాటని గోదాట్లో పారబోసి, ఉన్న గడ్డని ఇంట్లో పెంచాను.

మా ఆవిడకి చెప్పేయాలనుకున్నాను. నా పద్ధతి నాకుంది కదా, తిన్నాక చెప్పాలి. ఆపరేషన్ ముందు సాయంత్రం ఆవిడ కుడివైపు నమిలి, పెరుగన్నం మెల్లగా తింది. చెయ్యి కడుక్కుని వచ్చి, "మళ్ళీ ఎన్నాళ్ళకో అన్నం" అంది. పొద్దున్నే కత్తి కిందికి వెళ్ళే మనిషికి ఎలా చెప్పను అనుకుని ఊరుకున్నాను. అదీ సాకే. ఏ రోజుకి ఆ రోజు సాకు నా దగ్గర తయారుగా ఉండేది.

ఆపరేషన్ ఏడు గంటలు పట్టింది. పన్నెండని ఊళ్ళో చెప్పాను. ఏడే. కోసిన ఎముకని ట్రేలో పెట్టి చూపించారు. మూడు పళ్ళు ఇంకా దానికే ఉన్నాయి. తేగలు విరిచిన పళ్ళు.

తర్వాత ముక్కులో గొట్టం వేశారు. పాలు, గంజి, కొబ్బరినీళ్ళు అన్నీ అందులోంచే. సూదిలేని పెద్ద సిరంజితో నేనే పోసేవాణ్ణి. నోరు కదపకూడదు. బయట కొట్లో ఒక పలక కొనిచ్చాను. ఆవిడ దాని మీద మొదట రాసిన మాట, "మీరు తిన్నారా?"

రోజూ అదే రాసేది. నేను రోజూ తిన్నానని తల ఊపేవాణ్ణి. ఆవిడని అదే మాట అడిగే వీలు నాకు లేదు. అన్నం తిన్నాక ఇవ్వాల్సిన కార్డు జేబులో ఉంది, తినడమనేదే లేకుండా పోయింది.

పద్నాలుగో రోజు గొట్టం తీశారు. రాగిజావ చల్లార్చి చెంచాతో పట్టాను. కింది పెదవికి ఎడమవైపు స్పర్శ పోయింది. అక్కడి నరం కూడా ఎముకతోనే వెళ్ళిపోయిందన్నారు. జావ గడ్డం మీదికి కారుతుంటే ఆవిడకి తెలియడం లేదు. నేను తుడుస్తుంటే నా చెయ్యి ఎక్కడ తగులుతోందో కళ్ళతో చూసి తెలుసుకుంటోంది. గిన్నె ఖాళీ అయింది. ఆవిడ పలక తీసుకుని రాసింది.

"తిన్నాను. చెప్పండి."

"ఏం చెప్పాలే?" అన్నాను.

తుడిచి మళ్ళీ రాసింది. "జేబులో కార్డున్న మొహం. నాకు తెలీదా."

మొదలుపెట్టాను. నడి గోదాట్లో గాలి లేచిందని, తాడిచెట్టంత కెరటమని. బిడ్డ దగ్గరికి ఇంకా రాలేదు, ఆవిడ పలక ఎత్తింది. "ఆ వేళ వడియాలు పెట్టేను. గాలి లేదు."

అప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చిల్లర సంగతి, మూత తీసిన సంగతి, పుట్టువెంట్రుకలని చెప్పిన సంగతి, రైతు కవరు సంగతి, పనసపొట్టు రెండుసార్లు వడ్డించుకున్న సంగతి. నేను ఇన్నేళ్ళలో పెంచకుండా, తగ్గించకుండా చెప్పిన మొదటి కథ అదేననుకుంటాను. చెప్పడం అయ్యాక పొడుం డబ్బీ తీసి మంచం మీద పెట్టాను. మూత మర అరిగిపోయింది. పక్కన కాగితం అంటించిన చోట జిగురు మరక ఇంకా ఉంది.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని జిగురు మరకని గోటితో గీకింది. చాలాసేపు గీకింది. తర్వాత రాసింది. "ఆ పిల్ల ఇంకా వెతుకుతోందా?"

"ఆఁ."

"వెళ్ళి చెప్పండి."

"నన్నేమీ అనవా?" అన్నాను.

పలక తుడిచింది. బలపం పట్టుకుంది. ఏదో రాయబోయి, పలకని మంచం మీద బోర్లించేసింది.

డబ్బీ తీసుకుని నేను ల్యాబుకి వెళ్ళాను. ఆ అమ్మాయి ముందు ఇంకో రిజిస్టరు తెరిచి ఉంది. నన్ను చూసి లేచింది.

"సమయానికి వచ్చేరు తాతగారూ. ఈ పేరు చూడండి, చెమ్మకి అలుక్కుపోయింది. మొదటి అక్షరం అమ్మమ్మగారిదే అనిపిస్తోంది."

చూశాను. మండపేట నుంచి వచ్చిన ఎవరో మగమనిషి పేరు.

"భోంచేసేవా అమ్మా?" అని నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఇంకా లేదండీ. ఇది చూసి వెళ్తాను."

తినేసి రా తల్లీ, తర్వాత మాట్లాడుకుందాం అనబోయాను. మాట సగం దాకా వచ్చింది కూడా. ఆపుకుని, డబ్బీ ఆ పేజీ మీద పెట్టి, నిలబడే చెప్పాను.

అంతా విన్నాక రిజిస్టరు మూసింది. కోప్పడలేదు. తన పుస్తకం తీసి మా ఆవిడ పేజీ తెరిచింది.

"మొదటి ముక్క పోయింది అని రాసుకోనా అండీ?"

"పోలేదమ్మా. నేను అందించలేదు."

అలాగే రాసుకుంది. ఇంకోసారి చదువుకుని, "మరి ఈ కేసు మా లెక్కలోకి రాదండీ" అని మెల్లగా అంది. మొదట అదేమిటో తెలియకుండా, ఎన్నాళ్ళకి తిరిగి వచ్చిందో చెప్పడానికి లేదట. పోనీ ఇంకెలాగైనా రాసుకోవడానికి కుదురుతుందా అని అడిగాను, ముక్క లేకుండా ఏమైనా పరీక్ష ఉందా అని అడిగాను. ప్రతిదానికీ "లేదండీ" అంది. డబ్బీ నాకు తిరిగి ఇచ్చేసి అన్నానికి వెళ్ళింది. వేళ దాటిపోయింది, క్యాంటీనులో ఏమైనా ఉందో లేదో.

వార్డుకి తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం జావ వేళయింది. పలక ఇంకా బోర్లించే ఉంది. నేను లేనప్పుడు ఏమైనా రాసిందేమో తిరగేసి చూడాలనిపించింది, చూడలేదు. చెంచాతో జావ పట్టాను. ఎడమవైపు నుంచి గడ్డం మీదికి కారింది. గుడ్డ తీసుకుని తుడవబోతే ఆవిడ కళ్ళు నా చెయ్యి మీదికి రాలేదు, కిటికీలోకి చూస్తోంది. తుడవనిచ్చింది. అంతవరకే.